గిన్నెలో మిగిలిన అన్నం

బందరులో ఒక మనిషి సన్నబడితే ఊరికి రెండే కారణాలు తోస్తాయి. రోగం, లేకపోతే ఇంట్లో చావు. ఉప్పెన వచ్చిన కొత్తలో ఆ రెండింట్లో మొదటిది అడిగే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. కోనేరు సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎప్పుడో హైస్కూల్లో నాతో చదువుకున్న ఒకావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మీవాళ్ళు ఎవరైనా దివిసీమలో..." అని ఆగిపోయింది. అప్పటికే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మావాళ్ళంతా క్షేమంగానే ఉన్నారనీ, కావాలనే తగ్గాననీ చెప్పాను. కావాలని తగ్గడం అనే మాట ఆవిడ వినడం అదే మొదటిసారి అనుకుంటాను. పాపం, ఏడవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి కాస్త నొచ్చుకునే వెళ్ళింది.

కావాలని తగ్గాను అనడం కూడా పూర్తిగా నిజం కాదు. భయపడి తగ్గాను. మా అమ్మకు షుగరు. గుడివాడలో ఆవిడకు ముందు కాలి వేలు తీశారు, తరవాత పాదం, ఆ తరవాత మోకాలి కింది దాకా. పెద్ద నడకమనిషి, బజారుకి రిక్షా ఎక్కడం దండగ అనే మనిషి, మంచం మీంచి పక్కింటి పిల్లల్ని మంచినీళ్ళు అడిగే స్థితికి వచ్చింది. అందుకే నలభై దాటాక నాకు దాహం మొదలైనప్పుడు ఎవరికీ చెప్పకుండా ముందు గుడివాడ పాసింజరు ఎక్కాను. అమ్మకు వైద్యం చేసిన డాక్టరుగారే నాకూ చూశారు. పరీక్ష గొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించారు. అది నా కళ్ళ ముందే ఆకుపచ్చయి, పసుపయి, ఇటుకరంగు దగ్గర ఆగింది. అమ్మకు ఆ రంగు రావడం నేను చాలాసార్లు చూశాను.

ఒళ్ళు తగ్గితే ఇంజెక్షన్లు లేకుండా గడవచ్చన్నారు ఆయన. తగ్గకపోతే ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు.

తగ్గడం ఎంత తేలికో ఎవరూ నమ్మరు గానీ చెప్తాను. నాకు పథ్యం అని తెలిసిన రోజు నుంచి మా అత్తగారు పొయ్యి దగ్గర కాపలా కూర్చుంది. మా ఇళ్ళలో పథ్యం అన్న మాటకి ఉన్న గౌరవం కలెక్టరుకి కూడా లేదు. బాలింత పథ్యం, కామెర్ల పథ్యం, టైఫాయిడ్ పథ్యం, అన్నీ చేయించిన చెయ్యి అది. నా కంచంలో అన్నం ఆవిడే కొలిచి పెట్టేది. పెళ్ళిళ్ళకి వెళ్తే వడ్డించేవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపేది. "మా కోడలికి పథ్యమండీ" అంటే లడ్డూల బుట్ట దానంతట అదే పక్క విస్తరికి వెళ్ళిపోయేది. ఆ ఏడు వానాకాలం గడిచేసరికి నా గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. జాకెట్లన్నీ దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాను. పాతికేళ్ళుగా మా ఇంటి బట్టలు కుట్టే సాయిబుగారు ఆయన. పక్కలు బిగించి ఇచ్చాడు గానీ, మిగిలిన బట్ట కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టాడు. కత్తిరించెయ్యమన్నాను. "ఉండనివ్వండి అమ్మగారూ, మళ్ళీ విప్పాల్సొస్తే బట్ట ఎక్కణ్ణుంచి తెస్తాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

అంతకంటే డాక్టరుగారి మాటకి ఎక్కువ మండింది. గొట్టంలో మందు నీలంగానే నిలిచినందుకు, అంటే చక్కెర లేనందుకు, ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన చేతులు కడుక్కుంటూ, "తగ్గినవాళ్ళని చాలామందిని చూశానమ్మా. తగ్గి అలాగే ఉండిపోయినవాళ్ళని మాత్రం ఇంతవరకు చూడలేదు" అన్నారు. ఎందుకు ఉండలేకపోతారో చెప్పమన్నాను. అదే తెలిస్తే తాను గుడివాడలో ఎందుకుంటానన్నారు. అయితే నన్ను చూడండి అని చెప్పి వచ్చాను. కాలేజీలో డిబేటింగులో గెలిచిన రోజుల్లోని పొగరు నాలో ఇంకా మిగిలే ఉంది.

ఇంటికి వచ్చి నీలంరంగు అని చెప్పగానే మా అత్తగారు పంచాంగం తీసింది. నాకు అర్థం కాలేదు. పథ్యం అన్నాక దాన్ని విడవడానికి ఒక మంచి రోజు ఉండాలట. ఆ రోజు నాకు తలంటిపోసి, గుత్తివంకాయ, ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు పెట్టి, ఎదురుగా కూర్చుని నేను తింటుంటే కళ్ళు తుడుచుకుంది. "నిన్ను మళ్ళీ మనిషిని చేశాను" అంది. నిజమే, ఆవిడే చేసింది. ఆ మర్నాటి నుంచి, ఆరునెలలు కాపలా కాసిన ఆ చేతితోనే నాకు మారు వడ్డించడం మొదలుపెట్టింది. వద్దంటే, "పథ్యం అయిపోయిందిగా, ఇంకా ఏమిటే" అనేది. జబ్బు పోయింది కాబట్టి పథ్యం పోయింది. ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు. బాలింత జీవితాంతం కారప్పొడి అన్నమే తినదు కదా. తగ్గించుకోవడానికి మా దగ్గర ఒక మాట ఉంది, ఒక పద్ధతి ఉంది, కాపలా కాసే మనుషులున్నారు. తగ్గినదాన్ని అలా నిలుపుకోవడానికి ఒక మాటైనా లేదు. మాట లేనిదాన్ని అత్తగారికి ఎలా చెప్పడం?

ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రాయను. మా ఇంటికి జరిగింది చిన్నదే. ప్రహరీ కూలింది. సముద్రం వైపు పల్లె నుంచి రోజూ పాలు పోసి, మధ్యాహ్నం కుడితి పట్టుకెళ్ళే ఆమె ఒకసారి ఉత్త చేతులతో వచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని, గేదెలు పోయాయని చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తరవాత మాకు పాలు సీసాల్లో వచ్చాయి. దివిసీమలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళు ఇంటి కప్పు పోయినా, గొడ్లన్నీ పోయినా మనుషులు దక్కారు.

మరుసటి ఎండాకాలానికి నా జాకెట్లు బిగిశాయి.

మారు వడ్డనకి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టడం అప్పటికే నేర్చుకున్నాను. స్వీట్లు ముట్టుకోను. పెళ్ళిళ్ళలో పులిహోర కూడా రుచి చూసి వదిలేస్తాను. కంచంలో తినేది పథ్యంలో తిన్నంతే. అయినా ఒళ్ళు పెరుగుతోంది. మా ఆయన జిల్లా కోర్టులో గుమాస్తా, సాక్ష్యాలు రాసీ రాసీ ప్రతి మనిషినీ అనుమానించడం అలవాటు. దొంగతనంగా ఏమన్నా తింటున్నావా అని నవ్వుతూనే అడిగారు. ఆ నవ్వుకి రెండు రోజులు మాట్లాడలేదు. దర్జీ సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. మడిచిన బట్ట మెల్లగా విప్పి, ఇస్త్రీ చేసి, చేతికిచ్చాడు.

గుడివాడలో మందు ఆకుపచ్చకి తిరిగింది. డాక్టరుగారు ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు, కానీ గెలిచినవాళ్ళు ముఖం అలాగే పెడతారు. ఏం తింటున్నారమ్మా అంటే ఉదయం నుంచి రాత్రి దాకా పూస గుచ్చినట్టు చెప్పాను. అంతా విని, "ఇదంతా కూర్చుని తిన్నది. నిలబడి ఏం తింటున్నారు?" అన్నారు.

నేనేం మేకనా నిలబడి తినడానికి అని అక్కడే అడిగాను. కాంపౌండరు నవ్వాడు. పాసింజరు పెడన దాటేదాకా నాలో నేను ఆయనతో వాదిస్తూనే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడి ఉండగా నన్ను నేనే దొంగలా పట్టుకున్నాను. అందరి భోజనాలూ అయ్యాయి, నాదీ అయింది. అన్నం తపేలాలో అడుగున గుప్పెడు కాదు, మూడు నాలుగు గుప్పిళ్ళ అన్నం ఉంది. ఇంకో గిన్నెలో పులుసు ఉంది. ఆ పులుసు ఈ అన్నంలో ఒంపి, గరిటెతో కలిపి, గోడకి ఆనుకుని తింటున్నాను. అది నాకు తినడంలా లేదు, గిన్నెలు ఖాళీ చేయడంలా ఉంది. అంట్లు తోమేవేళ అవుతోంది, అంతే. ఏం తిన్నావని ఎవరడిగినా ప్రమాణం చేసి ఆ అన్నం గురించి చెప్పి ఉండను, ఎందుకంటే నాకే తెలియదు. రోజూ తింటున్నానని ఆ పూట తెలిసింది.

ఆ అన్నం అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. కోర్టు ఉన్న ఊళ్ళో గుమాస్తా ఇల్లంటే చుట్టాలకి సత్రం. బంటుమిల్లి నుంచి వాయిదాకి వచ్చిన బాబాయి, పామర్రు నుంచి పెద్దాసుపత్రికి వచ్చిన పిన్ని, ఎవరు ఎప్పుడు దిగుతారో తెలియదు. అందుకని మా అత్తగారు రోజూ బియ్యం కొలిచాక "ఎవరైనా వస్తే" అని ఇంకో గ్లాసు వేస్తుంది. వస్తే సరే. రాకపోతే ఆ గ్లాసు బియ్యం అన్నమై తపేలాలో నన్ను చూస్తూ ఉంటుంది. మధ్యాహ్నం అన్నం రాత్రికి కొడుక్కి పెట్టదు. అడుక్కునేవాళ్ళు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోతారు, మా భోజనాలయ్యే వేళకి సందులో నరపురుగు ఉండదు. ఇక పారెయ్యాలి. ఉప్పెన తరవాత కృష్ణా జిల్లాలో అన్నం పారెయ్యగల చెయ్యి ఉంటే అది నాకు చూపించండి. గుళ్ళలో గంజి కేంద్రాల ముందు జనం గిన్నెలు పట్టుకుని నిలబడటం చూసిన కళ్ళతో తపేలా కాలవ దగ్గర బోర్లించలేం. అందుకే తినేశాను. పుణ్యానికి తిన్నాను అనుకున్నాను కూడా.

సరే, తక్కువ వండుదాం అన్నాను. అత్తగారు ఊ అంది. నేను కొలిచి పెట్టి పెరట్లోకి వెళ్ళి వచ్చేలోపు ఇంకో గ్లాసు పడేది. ఒకరోజు నేను అక్కడే నిలబడి అదనపు గ్లాసు పడకుండా చూశాను. సరిగ్గా ఆ రోజే బంటుమిల్లి బాబాయి ఇద్దరు సాక్షులతో దిగాడు. ఎసరు మళ్ళీ పెట్టి వండేదాకా వాళ్ళు వసారాలో చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. మా అత్తగారు వారం దాకా వచ్చిన ప్రతి మనిషికీ "మా కోడలు చదువుకున్నదండీ, కొలిచి వండుతుంది" అని చెప్పింది. దాంతో నా పొదుపు అయిపోయింది. గ్లాసు తిరిగి వచ్చింది, దాంతో పాటు నా గోడ, నా గరిటె.

ఆ తరవాతి ఏడు మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. అవనిగడ్డలో బస్సు దిగి ఇంకా కిందికి, నాగాయలంక వైపు. కొత్త తాటాకు కప్పు వేసుకున్నారు. పెరట్లో ఒక పాడిగేదె ఉంది, కొని ఇంకా రెండు నెలలు కాలేదు, ఇంట్లో అందరూ దాని గురించే మాట్లాడారు. మా ఆడపడుచు పెద్ద విస్తరి వేసి, నా ముందు కూర్చుని, నేను చెయ్యి అడ్డం పెడితే నా వేళ్ళ మీదే వేడన్నం పెట్టింది. అంత ఉప్పెన చూసి బతికిన మనిషి పెడుతుంటే వద్దనడానికి నోరు ఎలా వస్తుంది? నా దరిద్రం అని తిన్నాను. తినలేనిదాన్ని పక్కన పోగు చేశాను. ఆమె అది చూసి, నా వంట నచ్చలేదులే అని మూతి తిప్పింది.

మా భోజనాలయ్యాక ఆమె తపేలా తీసుకుంది. అడుగున అన్నం ఉంది. ఇప్పుడు గోడకి ఆనుకుంటుంది, పులుసు ఒంపుకుంటుంది అని చూస్తున్నాను. ఆమె తిన్నగా పెరట్లోకి వెళ్ళి కుడితి తొట్టిలో దులిపేసింది.

"ఉప్పెన చూసినదానివి, అన్నం పారేస్తున్నావేమే?" అన్నాను.

"పారెయ్యడమేంటి వదినా, అది దాని వాటా. మొన్నటిదాకా గొడ్డు లేదు కాబట్టి నేనే తిన్నాను. ఇదుగో" అని చెయ్యి ఎత్తి జాకెట్టు చంక కింద చూపించింది. కుట్టు విప్పి వదులు చేసిన చోట, లోపల మడతలో ఉన్న బట్ట ఎండ తగలక ఇంకా ముదురు రంగుగానే ఉంది. నా జాకెట్టు మీద కూడా సరిగ్గా అక్కడే ఆ చార ఉంది.

ఆమెకి అందులో వింతేమీ కనపడలేదు, గిన్నె తోముకోవడానికి వెళ్ళిపోయింది. నేను అక్కడే తొట్టి పక్కన నిలబడ్డాను. మాకు పాలు పోసే ఆమె రావడం మానేసిన కార్తీకం, నా ఒళ్ళు తిరిగి రావడం మొదలుపెట్టిన కార్తీకం ఒకటే. అంతకుముందు పదిహేనేళ్ళూ ఆ అదనపు గ్లాసు అన్నం ఆమె కుండలో వెళ్ళిపోయేది. మా బందరు ఇంట్లో రెండేళ్ళుగా కుడితి తొట్టి నేనే. బి.ఏ. చదివి, గుడివాడ డాక్టరుతో సవాలు చేసి, నేను చేస్తున్న ఉద్యోగం అది.

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆడపడుచు మళ్ళీ గరిటె ఎత్తింది. "అమ్మాయ్, దాని వాటా దానికి పెట్టావు. నా వాటా నన్ను తిననియ్యి" అన్నాను. గేదెతో నన్ను నేను పోల్చుకున్నందుకు ఆమెకి కోపం వచ్చింది, వాళ్ళన్నయ్యకి నవ్వు వచ్చింది, నా విస్తట్లో మాత్రం అన్నం పడలేదు.

బందరు వచ్చాక వెనక సందులో రెండు గేదెలున్న వేరే సాయిబుల ఇంటికి వెళ్ళి మాట్లాడాను. కుడితి కావాలా అని అడిగితే వాళ్ళావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఎవరు వద్దంటారండీ అంది. పెరటి గుమ్మం దగ్గర బానంత కుండ పెట్టాను. ఇంతే కదా, సమస్య తీరిందనుకున్నాను. తీరలేదు. కుండ ఉన్నా నా చెయ్యి తపేలాలోకే వెళ్తోంది. రెండేళ్ళ అలవాటుకి గేదె వచ్చిందని తెలియదు. సగం తిని, సగం కుండలో వేసి, అప్పుడు గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తపేలా నా చేతికి రాకూడదు, అదొక్కటే దారి. అంటే ఎవరో ఒకరు దాన్ని నాకంటే ముందు తీసుకెళ్ళాలి. ఇంట్లో ఉన్నది మా అత్తగారు.

ఆవిడతో ఆ మాట ఎత్తడానికి చాలా సతమతమయ్యాను. పథ్యం మళ్ళీ మొదలుపెట్టమన్నాను.

"జబ్బు తిరగబెట్టిందా?" అంది.

"లేదు అత్తయ్యా. తిరగబెట్టకుండా."

"అయితే ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

"చచ్చేదాకా పథ్యం ఏమిటే? మనిషన్నాక ఏదో ఒక రోజు విడవాలా వద్దా?" అని విసుక్కుంది. నేను నా వాదనలన్నీ తీశాను. డాక్టరు అన్నమాట చెప్పాను, మందు రంగు చెప్పాను, జాకెట్టు చార చూపించాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఒక్కటీ వినలేదు. ఇక నాకు విసుగొచ్చి, వాదించడం మానేసి, "మా అమ్మ కాలు మీరు చూశారుగా" అన్నాను.

ఆవిడ చేట కింద పెట్టింది. గుడివాడలో అమ్మకి కట్టు మార్చిన రోజు నాతో గదిలో ఉన్నది ఆవిడే. మా అన్నయ్యలు బయటికి వెళ్ళిపోయారు, ఆవిడ వెళ్ళలేదు, దీపం పట్టుకుంది. ఇప్పుడు లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం తపేలా తీసుకుని, పెరటి గుమ్మం దగ్గర దులిపి వచ్చింది. ఆ రోజు నుంచి అది ఆవిడ పని. ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునేలోపు వంటింట్లో మిగిలిన అన్నం ఉండదు. "ఎవరైనా వస్తే" గ్లాసు మాత్రం ఆగలేదు, నేనూ ఇక దాని జోలికి పోలేదు. వచ్చినవాళ్ళు తింటారు, రాకపోతే సాయిబుల గేదెలు తింటాయి. నిలబడి గరిటె ముట్టుకోవద్దని నన్ను ఆవిడ కసురుతుంది. పులుసులో ఉప్పు చూడాలన్నా పీట వేసుకుని కూర్చోవాలి. కూర్చుంటే ఉప్పు చూడటం తినడంలా కనిపిస్తుంది, అందుకని ఒక్క చుక్కతో సరిపోతుంది. ఈ ఉపాయం నాది కాదు, ఆవిడదే.

ఏడాది తిరిగాక గుడివాడ వెళ్ళాను. దర్జీ సాయిబుగారు అప్పటికే జాకెట్లు మళ్ళీ బిగించాడు, ఈసారి కూడా కత్తిరించకుండానే. డాక్టరుగారు గొట్టం దీపం మీద పెట్టారు. మరిగింది, బుడగలు వచ్చాయి, రంగు కదలలేదు. నీలం. నేను కుర్చీలో వెనక్కి ఆనుకుని, ఇప్పటికి ఒకరిని చూశారా అన్నాను. ఆయన గొట్టం కడిగి స్టాండులో పెట్టి, "ఒక్క ఏడేగా అమ్మా. వచ్చే ఏడు కూడా రండి, చూద్దాం" అన్నారు. ఆ మనిషితో పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ. ఎన్నేళ్ళు నీలంగా ఉన్నా ఆయన ఇంకో ఏడు అడుగుతారు. ఇంకా చికాకు ఏమిటంటే, ఆ మాట నిజం.

సాయంత్రం ఇంటికి చేరేసరికి మా అత్తగారు గుమ్మంలోనే ఉంది. ఏ రంగు అంది. నీలం అన్నాను. ముఖం అంతా విప్పారింది. నా చేతిలో సంచీ అందుకుని లోపలికి నడుస్తూ, "అయితే పంచాంగం చూడనా, వచ్చే వారంలో మంచి రోజు ఏదైనా ఉంటే పథ్యం..." అంది.

చెప్పులు విప్పకుండా, అక్కడే గుమ్మంలో నిలబడి, మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.